వరంగల్లు ప్రాంతపు కల్లు

కల్లు అనగా తాటి, ఈత మొదలగు చెట్లనుండి కారే తీపి రసము తనంతట తాను పులియగా ఏర్పడే మత్తు పానీయము. తెలంగాణలోని పూర్వపు వరంగల్లు జిల్లా, అనగా నేటి హనుమకొండ, వరంగల్లు, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాల ప్రాంతము, కల్లు గీత వృత్తికి పేరు పొందినది. ఇక్కడి గ్రామాలలో కల్లు ఒక పానీయము మాత్రమే కాదు. ఒక వృత్తి, ఒక పూజాద్రవ్యము, ఒక సమాజ చరిత్ర కూడ. ఈ వ్యాసములో కల్లు రకములు, వాటి రుచిని నిర్ణయించు కారణములు, మంచి కల్లును గుర్తించు పద్ధతులు, కల్తీ వలన కలుగు ప్రమాదములు వివరించబడినవి.

చెట్లు

ఈ ప్రాంతములో కల్లు ప్రధానముగా రెండు చెట్లనుండి లభిస్తుంది.

తాటి చెట్టు: దీని శాస్త్రీయ నామము బొరాసస్ ఫ్లాబెల్లిఫర్. సుమారు 30 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. మగ చెట్టును పోతుతాడు అంటారు. విత్తనము నాటిన తరువాత పూతకు రావడానికి పన్నెండు నుండి ఇరువది సంవత్సరాలు పట్టవచ్చును. తాటి కల్లు చెట్టు కాండమునుండి కాక, పూగుత్తి నుండి, అనగా గెల నుండి వస్తుంది.

ఈత చెట్టు: దీని శాస్త్రీయ నామము ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. ఇది ఖర్జూరపు జాతికి చెందినది. తాటికంటె పొట్టిది. దీనిలో కాండము పైభాగమున, మొవ్వు క్రింద, చెక్కిన గాటునుండి రసము కారుతుంది. ఒక సంవత్సరము ఒక వైపు, మరొక సంవత్సరము ఎదుటి వైపు గీయుట వలన పాత ఈత చెట్టు కాండము మెట్లు మెట్లుగా వంకరలు తిరిగి కనిపిస్తుంది. ఆ గాట్లను చూచి చెట్టును ఎన్ని పర్యాయములు గీచినారో చెప్పవచ్చును.

ఇవిగాక ములుగు, భద్రాచలము అటవీ ప్రాంతాలలోను, తూర్పు గోదావరి మన్యములోను గిరిజనులు జీలుగు చెట్టు (కార్యోటా యురెన్స్) నుండి కల్లు తీస్తారు. కోస్తా ప్రాంతములలోను, కేరళలోను కొబ్బరి కల్లు ఎక్కువ.

గీత పని

కల్లు తీయు పనిని గీత అని, ఆ పని చేయువారిని గీత కార్మికులు అని పిలుస్తారు. తెలంగాణలో ఈ వృత్తి ముఖ్యముగా గౌడ కులస్థులది. చెట్టును, నడుమును కలిపి చుట్టుకొనే బలమైన తాడును మోకు అంటారు. నడుమునకు కట్టుకొను సామగ్రితో కలిపి "మోకు, ముస్తాదు" అను జంటపదము ఈ వృత్తికే గుర్తుగా మారినది. రసము పట్టుటకు చెట్టుకు కట్టే కుండను లొట్టి అంటారు.

తాటి గెలను ముందుగా కట్టి, మెల్లగా నలిపి, కొనను పలుచని పొరగా కోస్తారు. కోసిన చోట రసము బొట్లు బొట్లుగా లొట్టిలోనికి కారుతుంది. కోత ఆరిపోకుండ ప్రతిదినము ఉదయము, సాయంత్రము తిరిగి చెక్కవలెను. అనగా ఒక చెట్టు కల్లు కావలెనన్న దినమునకు రెండు సార్లు ఆ చెట్టు ఎక్కక తప్పదు. పది చెట్లు గీచు కార్మికుడు దినమునకు ఇరువది సార్లు ఎక్కి దిగుతాడు. కోత మందమైన గెల త్వరగా తరిగిపోతుంది; మరీ పలుచనైన రసము సరిగా రాదు. ఈ నేర్పు పుస్తకములలో లేదు, చేతిలోనే ఉన్నది.

పులియుట

చెట్టునుండి అప్పుడే దిగిన రసములో నూటికి పది నుండి పదిహేను పాళ్ళ వరకు చక్కెర ఉంటుంది. ఇందులో అధికభాగము సుక్రోజ్. పులియని ఈ రసమును నీర అంటారు. దీనిలో మత్తు లేదు.

గాలిలోను, లొట్టి గోడలపైన, చెట్టుమీద ఉండే ఈస్టు (శకరోమైసిస్ సెరివిసియే) మరియు కొన్ని బాక్టీరియాలు రసములో చేరగానే పులియుట మొదలవుతుంది. ఇందుకు ఎవ్వరూ ఏమియు కలుపవలసిన పని లేదు. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలు పులుపును కలిగిస్తాయి. కల్లుపై కనిపించే నురగ ఆ వాయువు వలన కలిగినదే. కొన్ని గంటలలోనే కల్లు తేలికైన మత్తును పొందుతుంది. ఒక దినములో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళకు చేరుతుంది. ఆ తరువాత ఎసిటిక్ ఆమ్లము పెరిగి కల్లు క్రమముగా వెనిగర్‌గా మారుతుంది.

లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట ఆగుతుంది. బెల్లము కొరకు రసము తీయునపుడు ఈ పద్ధతినే అవలంబిస్తారు.

ద్రాక్ష నుండి తయారగు వైనుతో కల్లును పోల్చి చూచుట ఉపయోగకరము. ఆస్ట్రేలియాలోని బరోసా లోయ షిరాజ్ ద్రాక్ష వైనుకు ప్రసిద్ధి. అక్కడ నేల, వాతావరణము, పంట సంవత్సరము బట్టి వైను రుచి మారుతుందని చెబుతారు. కల్లు రుచి కూడ నేల, చెట్టు, ఋతువులను బట్టి మారుతుంది. కాని వైను వయస్సును సంవత్సరములలో లెక్కిస్తే, కల్లు వయస్సును గంటలలో లెక్కించవలెను. వైను సీసాపై చిరునామా, సంవత్సరము అచ్చువేసి ఉంటాయి. లొట్టిపై ఏ అక్షరమూ ఉండదు. కనుక కల్లు ఎంపికలో చెట్టును, గీచిన మనిషిని తెలిసికొనుటయే ప్రధానము.

ఋతువులు, రకములు

ఈత కల్లు: చలికాలము దీనికి అనువైనది. రాత్రి చలికి రసము మెల్లగా పులియుట వలన ఉదయము దించిన ఈత కల్లు తేటగా, తియ్యగా ఉంటుంది. ఎండ ముదిరిన కొలది దీని నాణ్యత తగ్గుతుంది.

తాటి కల్లు: చలికాలపు చివరినుండి వేసవి ముగియు వరకు విరివిగా లభిస్తుంది. గెల దశను బట్టి, చెట్టును బట్టి దీనికి వేరు వేరు పేర్లు కలవు. మగ చెట్టు గెలలనుండి వచ్చునది పోతుతాటి కల్లు. ఆడ చెట్లనుండి, కాయ దశను అనుసరించి తీయునవి పరుపుతాటి కల్లు, పండుతాటి కల్లు అని ఈ ప్రాంతములో వ్యవహారము. ఈ విధముగా ఒక రకము తగ్గునప్పటికి మరొకటి అందివస్తుంది.

వానాకాలములో లొట్టిలో వాన నీరు చేరుట, తడిసిన చెట్టు ఎక్కుట ప్రమాదకరమగుట వలన మంచి కల్లు తక్కువ.

సమయమును బట్టి కూడ భేదము ఉన్నది. రాత్రి అంతయు కారి, ఉదయము దించిన కల్లు తీపి ఎక్కువ, మత్తు తక్కువ. పగటి ఎండలో కారి సాయంత్రము దించిన కల్లు పులుపు, ఘాటు ఎక్కువ. ఉదయము దించిన కల్లే మధ్యాహ్నమునకు వేరొక పానీయముగా మారిపోతుంది.

రుచి చూచుట

కల్లు తాగు స్థలమును వరంగల్లు, జనగామ ప్రాంతములలో మండువ అంటారు. సాధారణముగా అది తాటివనములోని నీడ పట్టున ఉంటుంది. తాటి ఆకును దొన్నెవలె మడచి అందులో కల్లు పోస్తారు. అనుభవజ్ఞులు ఈ క్రింది విషయములను గమనిస్తారు.

రంగు: తాజా నీర ఇంచుమించు నీటివలె తేటగా ఉంటుంది. పులిసిన కొలది పాలు కలిపిన నీటివలె తెల్లబడుతుంది. సుద్ద కలిపినట్లు చిక్కని తెలుపు సహజము కాదు.

నురగ: సహజమైన నురగ సన్నని బుడగలతో పుట్టి, పుడుతూ ఉండగానే ఆరుతుంది. కదపకున్నను లోపలినుండి బుడగలు వస్తూ ఉంటాయి. సబ్బు నురగవలె పైన గడ్డకట్టి నిలిచినచో అనుమానించవలెను.

వాసన: మంచి కల్లుకు పండిన పండు, పులిసిన పిండి కలిసిన వాసన ఉంటుంది. తాటి కల్లులో లేత ముంజ వాసన తగులుతుంది. వెనిగర్ వాసన కల్లు పాతబడినదనుటకు గుర్తు. మందుల వాసన, రసాయనపు ఘాటు ఎన్నడూ ఉండరాదు.

రుచి: ముందు తీపి, తరువాత పులుపు, చివర కొద్దిపాటి వగరు క్రమముగా తెలియవలెను. ఈత కల్లు మెత్తగా, తీపిగా ఉంటుంది. తాటి కల్లులో వగరు, ఘాటు హెచ్చు. తాగిన తరువాత చాల సేపు నాలుకపై అంటుకొని ఉండే తీపి, దాని వెంట వచ్చే చేదు శాకరిన్ లక్షణములు.

రసములో చిన్న పురుగులు, ఈగలు పడుట సహజము. అందుచేతనే పోయునపుడు వడగట్టుతారు. అవి ఉండుట కల్తీకి గుర్తు కాదు.

ఎంపికలో గమనించవలసినవి

పైన చెప్పిన లక్షణములన్నియు సహాయకారులే గాని నిర్ణాయకములు కావు. కల్తీకి వాడే కొన్ని మందులు స్వల్ప మోతాదులోనే పనిచేస్తాయి. వాటిని నాలుకతో కనిపెట్టుట సాధ్యము కాదు. కనుక కల్లును కాక, కల్లు వచ్చిన దారిని పరీక్షించవలెను.

మొదటిది, లెక్క. ఒక చెట్టు దినమునకు కొన్ని లీటర్ల రసము మాత్రమే ఇస్తుంది. ఒక దుకాణములో ఎంతమంది వచ్చినను, ఏ ఋతువులోనైనను, ఏ గంటలోనైనను అదే రుచిగల కల్లు తరగకుండ లభిస్తున్నదంటే, అంత రసమును ఇచ్చు చెట్లు ఎక్కడ ఉన్నవని ప్రశ్నించుకోవలెను. సహజమైన కల్లు రోజూ ఒకే తీరుగా ఉండదు. కొన్ని దినములు అసలు దొరకదు. దొరకకపోవుట కూడ నమ్మదగిన లక్షణమే.

రెండవది, దూరము. చెట్టు క్రింద, దించిన వెంటనే తీసికొన్న కల్లు అన్నిటికంటె మేలు. దూరప్రాంతమునుండి పీపాలలో వచ్చిన కల్లు దారిలోనే పులిసిపోతుంది. దానిని తిరిగి తియ్యగా కనిపింపజేయుటకు ఏదో ఒకటి కలుపవలసియే వస్తుంది.

మూడవది, మనిషి. గీచినవాడే అమ్మువాడైనచో బాధ్యత ఒకరిపై ఉంటుంది. ఊరిలో తరతరాలుగా ఒక ఇంటివారు ఒక గీత కార్మికుని వద్దనే వాడుకగా కల్లు తీసికొనుటకు కారణము ఇదే.

నాలుగవది, మత్తు. సహజమైన కల్లు మత్తు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఒకటి రెండు గ్లాసులకే గాఢమైన నిద్ర, మాట తడబాటు, మరుసటి దినము జ్ఞాపకము లేకపోవుట కలిగినచో అది కల్లు వలన కలిగిన మత్తు కాదు.

కల్తీ కల్లు

చెట్లు తగ్గి, గిరాకి పెరిగిన చోట నీటిలో శాకరిన్, ఈస్టు, మత్తు మందులు కలిపి కల్లుగా అమ్ముట తెలంగాణలో చిరకాలముగా ఉన్న సమస్య. కల్తీకి ముఖ్యముగా వాడబడునవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్. చివరి రెండును ఆందోళన, నిద్రలేమి వంటి వ్యాధులకు వైద్యులు మితముగా వ్రాసే మందులు.

వీటి ప్రమాదము రెండు విధములు. మోతాదు మించినచో స్పృహ తప్పి, శ్వాస మందగించి ప్రాణాపాయము కలుగుతుంది. ఇది మొదటిది. రెండవది అంత సులభముగా తెలియదు. నెలల తరబడి కల్తీ కల్లు తాగినవాని శరీరము ఆ మందుకు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా మానినచో చేతులు వణకుట, నిద్ర పట్టకపోవుట, లేనివి ఉన్నట్లు కనబడుట, పిచ్చిగా ప్రవర్తించుట, మూర్ఛలు సంభవిస్తాయి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీని అరికట్టినపుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇట్టి లక్షణములతో పెద్ద సంఖ్యలో ప్రజలు ఆసుపత్రులలో చేరినారు. వారిలో చాలమంది తాము తాగుచున్నది కల్లే అని నమ్మినవారు. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు తాగి పలువురు మరణించగా, పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలైనారు.

కాబట్టి దీర్ఘకాలము కల్తీ కల్లు తాగినవారిని ఇంటివారు బలవంతముగా ఒక్కరోజులో మాన్పించుట క్షేమము కాదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా మాన్పించవలెను. మూర్ఛ వచ్చినచో భూతవైద్యము, గాలి సోకినదను మాటలతో కాలము వృథా చేయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆరోగ్యము

కల్లు మూత్రపిండములలోని రాళ్ళను కరిగిస్తుందని, అనేక వ్యాధులను నయము చేస్తుందని జనులలో నమ్మకములు ఉన్నవి. వీటికి వైద్యశాస్త్రపరమైన రుజువు లేదు. కల్తీ లేని కల్లులో కూడ ఆల్కహాలు ఉన్నది. అతిగా తాగినచో ఇతర మద్యములవలెనే కాలేయమునకు హాని చేస్తుంది. గర్భిణీ స్త్రీలు, పిల్లలు, వాహనములు నడుపువారు తాగరాదు. నీరలో మత్తు లేకున్నను చక్కెర అధికము గనుక మధుమేహరోగులు జాగ్రత్త వహించవలెను.

లొట్టి శుభ్రతయు ముఖ్యమే. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈతరసమును తాగుట వలన నిపా వైరసు సోకినట్లు పరిశోధకులు గుర్తించినారు. పండ్లు తిను గబ్బిలములు రాత్రివేళ రసమును నాకుట ఇందుకు కారణము. లొట్టిని, గాటును తడకతో లేక వలతో కప్పియుంచుట మంచిది.

చరిత్ర

వరంగల్లు ప్రాంతపు గీతవృత్తి చరిత్రలో ప్రముఖుడు సర్దార్ సర్వాయి పాపన్న. ఈతడు గౌడ కులమునకు చెందినవాడు. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టి, మొగలు అధికారులను, జమీందారులను ఎదిరించినాడు. 1708లో వరంగల్లు నగరముపై దాడి చేసి దోచుకొన్నాడు. 1710లో మొగలులు ఇతనిని పట్టుకొని చంపించినారు. తప్పించుకొని పోవుచు ఒక కల్లు దుకాణము వద్ద గుర్తింపబడి పట్టుబడినట్లు చెబుతారు. సమకాలికుడైన ఖాఫీఖాన్ ఇతనిని బందిపోటుగా వర్ణించగా, జానపదులు వీరునిగా కీర్తించినారు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో ప్రచురించిన దక్కను సామాజిక చరిత్ర గ్రంథములో ఒక అధ్యాయమును పాపన్నకు కేటాయించినాడు. ఆగస్టు 18న పాపన్న జయంతిని జరుపుతారు.

నిజాము కాలములో ఈత కల్లును సేంధి అనేవారు. ఆబ్కారీ, అనగా మద్యముపై పన్ను, ప్రభుత్వమునకు ముఖ్యమైన ఆదాయము. అందుచేతనే 1947-48లో నిజాము వ్యతిరేక పోరాటములో భాగముగా కొన్ని చోట్ల ఈత, తాటి చెట్లను నరికివేసి ఆ ఆదాయమును దెబ్బతీయ యత్నించినారు.

సంస్కృతి

గౌడులు కాటమయ్యను (కంఠమహేశ్వరుని), రేణుకా ఎల్లమ్మను కులదేవతలుగా పూజిస్తారు. చెట్టు ఎక్కుటకు ముందు కాటమయ్యను తలచుట ఆచారము. గ్రామదేవతల పండుగలలో దేవత ముందు కల్లు ధారగా పోయుటను సాక పోయుట అంటారు. పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల గ్రామపు నకాషీ చిత్రకారులు గుడ్డపై చిత్రించే పటములలో గౌడ పురాణము ఒకటి. గౌడజెట్టి కథకులు ఆ పటమును విప్పి చూపుచు కథ చెబుతారు.

తాటి చెట్టు కల్లుతోపాటు వేసవిలో ముంజలు, ఆపై పండ్లు, మొలకెత్తిన టెంకలనుండి గేగులు (కోస్తాలో తేగలు), ఇంటి కప్పుకు కమ్మలు, దూలములకు మొద్దులు ఇస్తుంది.

చట్టము, ప్రభుత్వ చర్యలు

కల్లు గీత, విక్రయము 1968 నాటి ఆబ్కారీ చట్టమునకు లోబడి జరుగుతాయి. గీత కార్మికుల సహకార సంఘములకును, చెట్టుకు గీచినవాడే అమ్ముకొనునట్లు విడి వ్యక్తులకును అనుమతి పత్రములు ఇచ్చే పద్ధతులు కలవు. హైదరాబాదు నగరములో 2004లో కల్లు దుకాణములు మూతపడి, తెలంగాణ ఏర్పడిన 2014లో తిరిగి తెరువబడినవి. తమిళనాడులో 1987 నుండి కల్లు నిషేధములో ఉన్నది.

2015లో మొదలైన హరితహారము కార్యక్రమములో ఈత, తాటి మొక్కలు కూడ నాటబడినవి. 2021లో మద్యము దుకాణముల కేటాయింపులో గౌడులకు నూటికి 15 చొప్పున ప్రత్యేకించబడినవి. 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డుపై నీర కేఫ్ ప్రారంభించబడినది. నీరను పులియకుండ నిలువ ఉంచుటకు దించినది మొదలు చల్లగా ఉంచవలెను.

చెట్టుపైనుండి జారిపడి మరణించుట, నడుము విరిగి జీవితాంతము మంచాన పడుట ఈ వృత్తిలో తరచు జరిగే విషాదములు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో "కాటమయ్య రక్షణ కవచము" పేరుతో భద్రతా పరికరములను గీత కార్మికులకు పంచుట ప్రారంభించినది. చేయి జారినను కార్మికుడు చెట్టునకే నిలిచియుండునట్లు చేయుట వీటి ఉద్దేశము.

ప్రస్తుత పరిస్థితి

రహదారుల విస్తరణ, ఇండ్ల స్థలముల వ్యాపారము, ఇటుక బట్టీల వంటచెరకు కొరకు నరుకుట వలన తాటివనములు తరిగిపోవుచున్నవి. గీత కార్మికుల పిల్లలు చదువుకొని వేరు ఉద్యోగములలో స్థిరపడుచున్నారు. ప్రాణాపాయముతో కూడిన వృత్తిని వారు వదులుకొనుట సహజమే. అయితే చెట్టు, గీచు చేయి రెండును తగ్గినప్పుడు గిరాకి మాత్రము తగ్గక, ఆ ఖాళీని కల్తీ ఆక్రమించుచున్నది. ఈనాడు నాటిన తాటి టెంక కల్లు ఇచ్చుటకు పన్నెండేండ్లకు పైగా పడుతుంది. నరుకుటకు ఒక్క పూట చాలును. కనుక స్వచ్ఛమైన కల్లు లభ్యత దుకాణముల తనిఖీపై ఎంత ఆధారపడి ఉన్నదో, ఊరి చివర నిలిచియున్న చెట్లపైన, వాటిని ఎక్కు మనిషి భద్రతపైన అంతకంటె ఎక్కువ ఆధారపడి ఉన్నది.